ముందు కినబాలు, తర్వాతే సముద్రం

అమ్మలూ,

నీ ప్లాన్ చూశాను. మలేషియాలో కినబాలు కొండ ఎక్కడం, దగ్గర్లోని కోట కినబాలు సిటీ దీవుల్లో స్నార్కెలింగ్ (మాస్క్, గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద తేలుతూ కిందకి చూడ్డం), రెండూ ఒకే ట్రిప్‌లో అంటే నాకు భలే నచ్చింది గానీ నువ్వు రాసుకున్న వరస మాత్రం తిరగెయ్యాలి. ముందు కొండ, తర్వాతే నీళ్ళు. మీ ఫ్రెండ్స్ స్కూబా కూడా అంటున్నారుగా, సిలిండర్ గాలి పీలుస్తూ లోతుకి వెళ్ళొస్తే ఒంట్లో నైట్రోజన్ మిగిలి ఉంటుంది, ఆ వెంటనే కొండెక్కితే పైన గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అది బుడగలు కట్టి ప్రాణం మీదకి రావచ్చు. ఉత్త స్నార్కెలింగ్‌కి ఆ గొడవ లేదు. స్కూబా చేస్తే తిరుగు ఫ్లైట్‌కి కూడా ఒక రోజు గ్యాప్ పెట్టుకోండి.

శిఖరం 4,095 మీటర్లు. 1,866 దగ్గర టింపోహోన్ గేట్‌లో మొదలుపెట్టి అదే రోజు 3,272 మీటర్ల దగ్గర రాత్రి బస ఉండే పనలబన్ దాకా ఎక్కేస్తారు, అంత తొందరగా ఎత్తుకి పోతే ఎవరికైనా తల పట్టేస్తుంది, అందుకే ముందు రాత్రి సిటీలో కాకుండా కొండ కింద కినబాలు పార్క్ హెడ్‌క్వార్టర్స్ దగ్గరే పడుకోండి, అది 1,500 పైనే ఉంటుంది. మర్నాడు తెల్లారుజామున చీకట్లో హెడ్‌ల్యాంప్ పెట్టుకుని శిఖరానికి బయల్దేరతారు, పైన అంతా నున్నటి గ్రానైట్ బండ, కొన్నిచోట్ల తాడు పట్టుకునే ఎక్కాలి. వానొచ్చి గైడ్ వద్దంటే బతిమాలకు. తలనొప్పి పెరుగుతూ వాంతులైతే శిఖరం సంగతి వదిలేసి దిగిపో, ఎంత దగ్గర్లో ఉన్నా సరే.

అసలు కష్టం దిగడంలో ఉంది తల్లీ, ఎవరూ సరిగా చెప్పరు. అదే రోజు శిఖరం నుంచి గేట్ దాకా 2,200 మీటర్లకి పైగా కిందకి, ఎక్కువ మెట్లే, మోకాళ్ళు వణికిపోతాయి. ఇప్పట్నుంచే బ్యాగ్ తగిలించుకుని మెట్లు ఎక్కడంతో పాటు దిగడం కూడా ప్రాక్టీస్ చెయ్యి, ట్రెకింగ్ కర్రలు రెండూ తీసుకెళ్ళు, కాలి గోళ్ళు పొట్టిగా కత్తిరించుకో లేకపోతే షూకి కొట్టుకుని నల్లబడతాయి.

వరస మార్చాక, కొండ దిగిన మర్నాడు పొద్దున్నే బోట్ పెట్టుకోకు. తొడల నొప్పి రెండో రోజే ఎక్కువుంటుంది, ఆ కాళ్ళకి ఫిన్స్ (ఈత రెక్కలు) వేసుకుని కొడితే నీళ్ళ మధ్యలో పిక్క పట్టేస్తుంది. ఒక రోజు ఏమీ పెట్టుకోకు, నీళ్ళు బాగా తాగి నిద్రపో. తర్వాత సిటీలో బోట్లు ఎక్కే జెస్సెల్టన్ పాయింట్ నుంచి మనుకన్, సాపి, మముతిక్ దీవుల్లో దేనికైనా కాసేపట్లో వెళ్ళిపోవచ్చు. బొబ్బలు పచ్చిగా ఉంటే మాత్రం దిగొద్దు.

ఈత వచ్చినా లైఫ్‌జాకెట్ వేసుకో. మాస్క్ కింద వెంట్రుక ఇరుక్కున్నా నీళ్ళు కారతాయి, ముందు నడుం లోతులో నిలబడి చూసుకో. బోట్లు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి ఈత హద్దు చూపిస్తూ తేలే బంతుల గీత దాటొద్దు. పగడాల మీద కాలు పెట్టకు, ప్రాణమున్నవి అవి, నీ కాలూ కోసుకుపోతుంది. చేపల్ని చూస్తూ వీపు మాడిపోయేది తెలీదు, పొడుగు చేతుల స్విమ్ టీషర్ట్ తప్పనిసరి.

ఫ్లైట్ టికెట్లు ఇంకా తియ్యకు. రోజుకి ఇంతమందినే కొండెక్కనిస్తారు, పైన పనలబన్‌లో పడక దొరికితేనే పర్మిట్, కాబట్టి ముందు అక్కడ తేదీ ఖాయం చేసుకుని మిగతావన్నీ దాన్నిబట్టి వెయ్యి.

మావయ్య