‘చాలా బాగుంది సార్’ను నమ్ముకోవద్దు

అనంతపురం

నాయనా,

నార్పలలో చీనీ (బత్తాయి) రైతులకు డ్రిప్పు మీద పెట్టిన శిక్షణ ఎలా ఉందని అడిగితే, వాళ్లు నింపిన అన్ని ఫారాల్లోనూ ‘చాలా బాగుంది’ అనే వచ్చిందని రాసినావు. సంతోషమే. మరి ఆ కాగితాలు చూసి వచ్చే శిక్షణలో ఏం మారుస్తావో చెప్పు?

బస్సు టైమవుతుంటే, నువ్వు ఎదురుగా నిలబడి నింపమంటే ఇంకేం రాస్తారప్పా! పెళ్లికూతురి నాయన వచ్చి ‘భోజనం ఎట్లుంది?’ అంటే ఎవరైనా ఉప్పు తక్కువైందంటారా? ఒకసారి ఫారాలన్నీ పక్కపక్కన పెట్టి చూడు. సగం ఒకే చేతిరాతలో ఉంటాయి. చదువొచ్చిన ఒకాయన అందరికీ రాసిపెట్టి ఉంటాడు.

‘శిక్షణ ఎలా ఉంది’ అనేది కొట్టేయ్. ‘రేపు తోటకు పోతే మొదట ఏం చేస్తావు? ఏ పని చేయాలంటే భయం?’ అని నోటితో అడుగు, నువ్వు కాదు, వేరేవాళ్లతో అడిగించు. రెండోదానికి యాసిడ్ పేరే ఎక్కువగా వస్తుందని నా అంచనా. మన బోరునీళ్లకు డ్రిప్పర్లలో ఉప్పు పేరుకుంటుందనీ, యాసిడ్ పెట్టాలనీ అందరికీ తెలుసు. యాసిడ్‌ను నీళ్లలో పోయాలా, నీళ్లను యాసిడ్‌లో పోయాలా అనే దగ్గర చెయ్యి ఆగిపోతుంది. యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, తిరగేస్తే మీదికి చిమ్ముతుంది. ఈ అనుమానం తీరనోడు కూడా ఫారంలో ‘చాలా బాగుంది’ అనే రాస్తాడు. అందుకే రెండు బకెట్లు పెట్టి, రెండింట్లోనూ మంచినీళ్లే పోసి, ఒకటి యాసిడ్ అనుకొని చేసి చూపించమను. ఫిల్టర్ కూడా వాళ్లతోనే విప్పించు. ఎవరి చెయ్యి తడబడిందో రాసుకో.

డోనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికా ప్రొఫెసర్ 1959లోనే దీన్ని నాలుగు మెట్లుగా చెప్పినాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో పెట్టినారా, ఫలితం వచ్చిందా. నీ ఫారం మొదటి మెట్టు మీదే కూర్చుంది. మూడోది తెలియాలంటే రెండు నెలలాగి తోటకు పోవాల్సిందే. ‘ఫిల్టర్ కడుగుతున్నారా’ అని అడగొద్దు, విప్పి చూపించమను. రైతు ఇంట్లో లేకపోతే మరీ మంచిది, ఆయన భార్యను అడుగు. శిక్షణకు మగోళ్లు వస్తారు గానీ, చాలా ఇళ్లల్లో రోజూ గేటువాల్వు తిప్పేది ఆడోళ్లే. వాళ్లను పిలవకుండా మనం ఎవరికి నేర్పుతున్నామో నాకైతే అర్థం కాదు.

పోయినసారి వాళ్లు చెప్పినదాంట్లో ఏం మార్చినావో తర్వాతి బ్యాచి మొదట్లోనే చెప్పు. అప్పుడు వీళ్లూ నోరు విప్పుతారు.

కొత్త ఫారం రాసి పంపు. మూడో ప్రశ్న కనబడితే కొట్టేస్తా.

మీ మామ