అప్లికేషన్ క్లౌడ్‌లో, డేటాబేస్ ఆఫీసులో: ఆలస్యం ఎక్కడ?

పాత జావా బిల్లింగ్ అప్లికేషన్‌ను క్లౌడ్‌కి మార్చి డేటాబేస్‌ని ఆఫీసు సర్వర్‌లోనే ఉంచామని, ఇప్పుడు ఇన్‌వాయిస్‌ల లిస్టు తెరుచుకోవడానికి అర నిమిషం పడుతోందని అన్నారు కదండీ. సర్వర్ సైజు పెంచినా తేడా రాలేదంటే, నా అనుమానమంతా మధ్యలో ఉన్న దూరం మీదే.

ఒకసారి లెక్క వేయండి. లిస్టుకు ఒక క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న), ఆపైన ఒక్కో ఇన్‌వాయిస్‌లో కస్టమర్ పేరు కోసం మళ్లీ ఒక్కో క్వెరీ. జావాకీ డేటాబేస్‌కీ మధ్య పనిచేసే హైబర్నేట్ లైబ్రరీలో లేజీ లోడింగ్‌తో (అవసరమైనప్పుడే డేటా తెచ్చే పద్ధతి) ఇది మామూలే. 1,000 ఇన్‌వాయిస్‌లుంటే 1,001 క్వెరీలు. రెండూ ఒకే గదిలో ఉన్నప్పుడు ఒక్కోదానికి అర మిల్లీసెకను అనుకున్నా మొత్తం అర సెకను, ఎవరూ పట్టించుకోరు. ఇప్పుడు రానూపోనూ 30 మిల్లీసెకన్లయితే అదే పనికి 30 సెకన్లు!

ఎస్‌క్యూఎల్ లాగ్ (డేటాబేస్‌కి వెళ్లే క్వెరీల చిట్టా) ఆన్ చేసి ఆ ఒక్క స్క్రీన్ తెరవండి. ఒకే సెలెక్ట్ (డేటా చదివే క్వెరీ) వందలసార్లు కనిపిస్తే దొంగ దొరికినట్టే. అక్కడ ఇన్‌వాయిస్‌లనూ కస్టమర్ పేర్లనూ ఒకే క్వెరీలో తెచ్చే జాయిన్ ఫెచ్ వాడండి. తర్వాత డేటాబేస్‌నీ అప్లికేషన్ ఉన్న క్లౌడ్ రీజియన్‌కే (అదే ప్రాంతపు డేటా సెంటర్లకే) మార్చేయండి. రెప్లికేషన్‌తో (మార్పులు ఎప్పటికప్పుడు కాపీలోకి చేరే పద్ధతి) కాపీ ముందే సిద్ధం చేసుకుంటే సిస్టమ్ ఆపాల్సింది కొద్దిసేపే.

మైక్రోసర్వీసులుగా, అంటే విడివిడి చిన్న సర్వీసులుగా విడదీద్దామంటారా, ఇప్పుడే వద్దు. లోపలి ఫంక్షన్ కాల్స్ నెట్‌వర్క్ కాల్స్‌గా మారి ఇదే తలనొప్పి ఇంకోచోట మొదలవుతుంది. ముందు సెషన్లను (లాగిన్ అయినవాళ్ల వివరాలు) రెడిస్ అనే మెమరీ డేటా స్టోర్‌లోకి, పీడీఎఫ్‌లను ఆబ్జెక్ట్ స్టోరేజీలోకి (ఫైళ్లు దాచే క్లౌడ్ నిల్వ) మార్చండి. అవి ఒకే సర్వర్ మెమరీలో, డిస్కులో ఉన్నంతకాలం రెండో సర్వర్ పెట్టినా ఇబ్బందే. విడదీయక తప్పదంటే రిపోర్టుల మాడ్యూల్‌తో మొదలుపెట్టండి: అది డేటా చదువుతుందే తప్ప మార్చదు, తేడా వస్తే రూటింగ్‌ను, అంటే రిక్వెస్టులు వెళ్లే దారిని, పాతదానికి తిప్పేయొచ్చు.