బల్గేరియాలో ఆటపాటల విందుకు వెళ్లాలా? మా నాన్న మిశ్ర చాపు అనుభవం

ప్రశ్న: బల్గేరియా టూర్‌లో జానపద నృత్యాలతో రాత్రి భోజనానికి విడిగా డబ్బు కట్టమంటున్నారు. కట్టడం దండగా?

టూర్ వాళ్లు బస్సెక్కించి తీసుకెళ్లేదైతే దండగే. అదే మీ అంతట మీరు ఒక మెహానాకి, అంటే అక్కడి సంప్రదాయ భోజనశాలకి, వెళ్తే ఆ దేశంలో అంతకంటే మంచి సాయంత్రం దొరకదు. రెండూ చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

నల్లసముద్రం ఒడ్డున ప్యాకేజీలో వెళ్లినప్పుడు చల్లారిపోయిన చికెన్, రికార్డు పాటలకు డాన్సు, ఆఖర్న నిప్పుల మీద నడక. ఆ నడక చూసి మనసు కష్టపడింది. బల్గారి అనే ఊళ్లో అది పండగనాడు దేవుడి పటాలు పట్టుకుని చేసే ఆచారం. 2009లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది. మన వీరభద్రుడి గుడి దగ్గర నిప్పుల గుండం తొక్కడాన్ని భోజనాల మధ్యలో ఐటమ్‌గా పెడితే మనం ఊరుకుంటామా?

ఇక బాన్స్కో. పిరిన్ కొండల కింద చిన్న ఊరు. అమ్మానాన్నలతో వెళ్లాను. రాతి గోడలు, చెక్క బల్లలు, ఎర్ర చారల గుడ్డలు. మొదట వేడి రొట్టె, పక్కన షరెనా సోల్ అనే రంగు ఉప్పు పెట్టారు. నోట్లో వేసుకోగానే అమ్మ "ఇందులో మెంతులున్నాయే" అంది. నిజంగానే వేస్తారు. తర్వాత మట్టికుండలో చిక్కుడు గింజల కూర వచ్చింది. శాకాహారమేనా అని అడిగితే వడ్డించే అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. నాన్న కుండ పక్కకి నెట్టేశారు. అక్కడ తల అడ్డంగా ఊపితే అవునని అర్థం! ఆ సంగతి గుర్తొచ్చి నేను చెప్పాక గానీ ఆయన ముట్టుకోలేదు.

అప్పుడు మొదలైంది గైడా. మేకతోలు సంచిలో గాలి నింపి వాయించే వాద్యం. పక్కన తపాన్ అనే పెద్ద డోలు. ఒక చేతిలో లావు కర్ర, రెండో చేతిలో సన్నటి పుల్ల, అచ్చం మన డప్పుకి సిర్ర, సిటికెన పుల్లలాగే. టూర్ మొత్తం మౌనంగా ఉన్న నాన్న బల్ల మీద వేళ్లు ఆడించడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్న మనిషి. "అమ్మాయ్, ఇది మిశ్ర చాపే! కాకపోతే తకిట చివర్న పెట్టారు" అన్నారు. తకిట అంటే మూడు దెబ్బల ముక్క. వాళ్ల రాచెనిత్సా నృత్యానికి లెక్క 2, 2, 3. మన మిశ్ర చాపు తాళానిది 3, 2, 2. రెండూ ఏడే.

డోలు అతను నాన్న వేళ్లు చూశాడు. వాయిస్తూనే మా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఇద్దరికీ ఒక్క మాట తెలియదు, ఒక్క దెబ్బ తప్పలేదు. తర్వాత హోరో అనే గుంపు నృత్యం మొదలైంది. భోజనానికొచ్చిన వాళ్లే చేయీ చేయీ పట్టుకుని వరసలో చేరిపోయారు. అమ్మ కూడా చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని చేరింది. మన రిసార్టుల్లో డప్పు వాళ్లని స్టేజీ ఎక్కించి, మనం కింద ఫోన్లు పట్టుకుని కూర్చుంటాం. మనకు కోలాటం ఉండి కూడా ఇదేం కర్మ?

కాబట్టి ప్యాకేజీ వద్దు. 2026 జనవరి నుంచి అక్కడ యూరోనే, డబ్బు మార్చే బెడద కూడా తగ్గింది. ఏదైనా మెహానా గుమ్మం దగ్గర "ఈ రాత్రి గైడా ఉందా" అని అడగండి. తల అడ్డంగా ఊపితే లోపలికెళ్లి డోలుకి దగ్గరగా కూర్చోండి.