అమ్మానాన్నలు వస్తున్నారు, గది ఎక్కడ తీసుకోవాలి?

ప్రశ్న: మాది రాజాం. మాంచెస్టర్‌లో ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. జూన్‌లో అమ్మానాన్నలు వస్తున్నారు. విండర్‌మియర్ సరస్సు చూపించాలని ఉంది. పెద్ద హోటల్ భరించలేను. బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, గెస్ట్‌హౌస్, ఇన్, హాస్టల్ అంటూ ఏవేవో కనిపిస్తున్నాయి. ఏది మంచిది?

జవాబు: మాది శ్రీకాకుళం. మన వైపు నుంచి వచ్చే పిల్లలు ఏటా ఇదే అడుగుతారు. బోర్డు మీది పేరు చూసి నిర్ణయించుకోకండి. ఇక్కడ ఆ పేర్ల మధ్య గట్టి హద్దులు లేవు. యజమాని అక్కడే ఉంటారా, తిండి సంగతేమిటి, మెట్లెన్ని అన్నవి కనుక్కోండి.

బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అంటే ఒక కుటుంబం తాము కాపురముంటున్న ఇంట్లోనే రెండు మూడు గదులు ప్రయాణికులకు ఇవ్వడం. ఉదయం ఫలహారం అద్దెలోనే కలిసి ఉంటుంది. ఇంగ్లండులో యజమాని అదే ఇంట్లో ఉంటూ, ఒకేసారి ఆరుగురికి మించకుండా అతిథులను పెట్టుకుంటే సాధారణంగా ఆ ఇంటికి వ్యాపార భవనాల మీద వేసే పన్ను (బిజినెస్ రేట్స్) పడదు. అది ఇల్లు కాబట్టి ఇంటి వేళలే చెల్లుతాయి. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గరి లాడ్జికి అర్ధరాత్రి వెళ్లినా ఎవరో ఒకరు లేచి తాళం ఇస్తారు. మన లాడ్జిల్లో చాలాచోట్ల దిగినప్పటి నుంచి 24 గంటల లెక్క కూడా. ఇక్కడ సాయంత్రం ఫలానా వేళకు వస్తామని ముందే చెప్పాలి, ఆలస్యమైతే ఫోను చేయాలి. రాత్రి తొమ్మిదికి చేరినా సరే, మర్నాడు పది పదకొండుకల్లా గది ఖాళీ చేయాల్సిందే.

ఇక ఫలహారం. పళ్లెంలో గుడ్డు, బేకన్, సాసేజి, కాల్చిన టమాటా, పుట్టగొడుగులు, బీన్స్, టోస్టు వస్తాయి. బేకన్, సాసేజి రెండూ పంది మాంసమే. అరసవల్లి స్వామికి మొక్కుకుని ఆదివారం నీచు ముట్టని ఇళ్లు మన వైపు ఎన్నో. మీ ఇల్లూ అలాంటిదైతే గది తీసుకునేటప్పుడే చెప్పండి. గుడ్డును బేకన్ వేయించిన పెనం మీద వేయవద్దని కూడా అడగవచ్చు. ముందుగా, మర్యాదగా చెబితే శ్రద్ధగా చేసిపెడతారు. తెల్లారి బల్ల ముందు కూర్చుని చెబితే వాళ్లు మాత్రం ఏం చేయగలరు? గదిలో అగరుబత్తి వెలిగించకూడదని అమ్మగారికి బయలుదేరకముందే చెప్పండి. పొగ అలారం మోగితే ఇంట్లో ఉన్నవాళ్లంతా వీధిలోకి రావాలి. రైస్ కుక్కర్ కూడా గదిలో వాడనివ్వరు.

గెస్ట్‌హౌస్‌ది దాదాపు ఇదే పద్ధతి. గదులు ఎక్కువ, కొన్నిచోట్ల రాత్రి భోజనమూ పెడతారు. ఇన్ అంటే కింద పబ్బు, పైన గదులు. రాత్రి పదకొండు దాకా మాటలు, నవ్వులు వినిపిస్తాయి. పెందలాడే పడుకునే పెద్దలకు నేను చెప్పను.

హాస్టల్ అనగానే అంతస్తుల మంచాలు తలచుకుని కొట్టిపారేయకండి. 1930లో మొదలైన యూత్ హాస్టల్స్ అసోసియేషన్, వైహెచ్ఏ, వారికి విండర్‌మియర్ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ ప్రాంతంలో చాలా హాస్టళ్లు ఉన్నాయి. వాటిలో కుటుంబానికి విడిగా గది దొరుకుతుంది. అతిథులు వండుకునే వంటగది కూడా చాలావాటిలో ఉంటుంది. రోజూ అన్నం, పప్పు ఉండాల్సిందే అనుకునే నాన్నగారికి అదే పెద్ద సుఖం. అయితే స్నానాల గది చాలాచోట్ల వరండా చివర, నలుగురికీ కలిపి ఉంటుంది. రాత్రిపూట రెండు మూడుసార్లు లేచే వయసువారికి అది కష్టం. వారం రోజులు ఉండేటట్లయితే వంటగది ఉన్న చిన్న ఇల్లు అద్దెకు తీసుకోవడం మేలు.

రెండు రాత్రులకైతే నా ఓటు బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌కే. పెద్దవాళ్లు ఒక సంసారం నడిచే ఇంట్లో దిగి, ఆ ఇల్లాలితో నాలుగు మాటలు మాట్లాడి వస్తే ఈ దేశం వాళ్లకు కాస్త దగ్గరవుతుంది. డబ్బు కట్టేముందు ఫోను చేయండి. పాత ఇళ్లకు లిఫ్టు ఉండదు, మెట్లు ఇరుకు. మోకాళ్ల నొప్పులుంటే కింది అంతస్తు గదే కావాలనండి. స్నానాల గది లోపలే ఉందా, ధర గదికా మనిషికా అన్నదీ తేల్చుకోండి. పెట్టెలో ఒక ప్లాస్టిక్ మగ్గు వేసుకోండి, ఇక్కడి స్నానాల గదుల్లో అది ఉండదు.