కాలేజీ టెన్నిస్: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో కాలేజీ టీమ్‌కి ఆడుతోంది. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) టోర్నీలో రెండో సెట్ 5-2తో ముందున్నప్పుడు ఆట ఆపించేశారట. అది గెలుపు కిందకి రాదా? పైగా ఆరో కోర్టులో ఆడిస్తున్నారు, చిన్నచూపేమో అనిపిస్తోంది.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: రాదండీ. అలాగని ఓటమీ కాదు, 'పూర్తి కాలేదు' అని రాసుకుంటారు. టీమ్ పోటీలో మొత్తం ఏడు పాయింట్లు. ముందు మూడు డబుల్స్ జోడీలు తలా ఒక్క సెట్ ఆడతాయి, 6-6 అయితే టైబ్రేక్ (సెట్‌ను తేల్చే చివరి గేమ్). మూడింట్లో రెండు గెలిచిన జట్టుకే ఒక పాయింటు, అది తేలగానే మూడో జోడీ ఆట ఆపేస్తారు. తర్వాత ఆరు సింగిల్స్, గెలిచినదానికల్లా ఒక పాయింటు. నాలుగు ఎవరికి ముందొస్తే వాళ్లదే మ్యాచ్, మిగతా కోర్టులు అక్కడికక్కడే ఆగిపోతాయి.

2025 ఎన్‌సీఏఏ మహిళల టీమ్ ఫైనల్లో జార్జియా యూనివర్సిటీ, టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీని 4-0తో ఓడించింది. ఆ స్కోరు రావాలంటే డబుల్స్ పాయింటుతో పాటు మూడు సింగిల్స్ గెలవాల్సిందే. డబుల్స్ పోతే ఆరు సింగిల్స్‌లో నాలుగు గెలవాలి. అందుకే డబుల్స్ సాధనను తేలిగ్గా తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాం.

ఇక ఆరో కోర్టు సంగతి. ఆటగత్తెలను బలం వరుసలోనే దింపాలన్నది నియమం, కోచ్ ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. అక్కడ వచ్చే పాయింటు విలువ ఒకటో కోర్టు పాయింటుకు ఏమాత్రం తక్కువ కాదు. స్కోరు షీటులో కోర్టులు ముగిసిన వరుస చూడండి. గెలిచిన జట్టుకి నాలుగో పాయింటు తెచ్చింది చివర రాసిన కోర్టే.

ప్రశ్న: డ్యూస్‌లో అడ్వాంటేజ్ ఉండదంటున్నారు. ఎలా సిద్ధం కావాలి?
– హనుమకొండ విద్యార్థిని

జవాబు: 40-40 (డ్యూస్) దగ్గర మామూలుగా గేమ్‌కి వరసగా రెండు పాయింట్లు గెలవాలి, మొదటిదాన్నే అడ్వాంటేజ్ అంటారు. కాలేజీ పోటీల్లో మాత్రం ఒక్క పాయింటుతో గేమ్ తేలిపోతుంది. సర్వ్ ఏ వైపు అందుకోవాలో రిసీవర్ ఎంచుకుంటుంది, మామూలుగా తన రిటర్న్ బలంగా ఉన్న వైపే. అడ్వాంటేజ్‌కి అలవాటుపడినవాళ్లు ఇక్కడ మొదటి సర్వ్‌ను బలమంతా పెట్టి కొట్టి పోగొట్టుకుంటారు, రెండో సర్వ్ మీద ఎదుటివాళ్లు విరుచుకుపడతారు. రెండు వైపులా, ఒంటి మీదకు వెళ్లే మొదటి సర్వ్ నమ్మకంగా లోపల పడేదాకా సాధన చేయండి. ప్రాక్టీస్ సెట్లు కూడా ఇదే పద్ధతిలో ఆడండి.

ప్రశ్న: వ్యక్తిగత టైటిల్ పోటీ కూడా మే నెలలోనేనా?
– పాఠకుడు, డాలస్

జవాబు: ఇప్పుడు కాదు. 64 జట్ల టీమ్ పోటీ మాత్రమే మేలో ముగుస్తుంది. వ్యక్తిగత సింగిల్స్, డబుల్స్ టైటిల్ పోటీలు 2024 నుంచి నవంబరుకు మారాయి.