ఆదివారం సాయంత్రం లిఫ్టు నడుస్తుందా?

ప్రశ్న: అమ్మా, మేము ముగ్గురు భాగస్వాములం. ఇళ్ళు, స్థలాలు అమ్మిపెట్టే సంస్థ నడుపుతున్నాం. పదకొండు మంది ఏజెంట్లు ఉన్నారు. ఇన్నాళ్ళూ ఒక భాగస్వామి ఇంటి ముందుగదిలోనే నెట్టుకొచ్చాం. ఇప్పుడు ఆఫీసు కోసం రెండు చోట్లు చూశాం. ఒకటి ప్రధాన రహదారి మీద కొత్త భవనంలో మూడో అంతస్తు, 1,200 చదరపు అడుగులు, ముందంతా అద్దాలు. రెండోది పక్కవీధిలో పాత భవనం, కింది అంతస్తు, 700 అడుగులు. అడుగు అద్దె రెండోదానికే 10 శాతం ఎక్కువ చెబుతున్నారు. మొదటిచోట అద్దె ఏటా 5 శాతం పెరుగుతుంది, రెండోచోట మూడేళ్ళకోసారి 15 శాతం. రెండూ తొమ్మిదేళ్ళ లీజులే. మాది మధ్యస్థాయి నగరం. పెద్ద భవనంలో ఉంటేనే జనం నమ్ముతారని మా పెద్ద భాగస్వామి పట్టుబడుతున్నారు. రెండు ప్లాన్లూ జతచేశాను. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీ పెద్ద భాగస్వామి అన్న మాటే ఒకప్పుడు నేనూ అన్నాను బాబూ. అని, నాలుగో అంతస్తులో ఆఫీసు తీసుకున్నాను. 'సాధారణ పనివేళల్లో లిఫ్టు, ఏసీ సదుపాయాలు ఉండును' అని ఒప్పందంలో ఒక వాక్యం ఉంది. చదివి, పేజీ తిప్పేశాను. మరుసటి నెలలో ఒక ఆదివారం సాయంత్రం ఒక వృద్ధ దంపతులు తమ ఇంటి అమ్మకం ఒప్పందం మీద సంతకాలు పెట్టడానికి వచ్చారు. లిఫ్టు ఆపేసి ఉంది. మెట్ల దగ్గర దీపాలు కూడా లేవు. ఆయన రెండో అంతస్తు దాకా ఎక్కి, కాగితాల సంచి గుండెకు హత్తుకుని మెట్టు మీదే కూర్చుండిపోయారు. ఇక నేనే వాళ్ళను చెయ్యి పట్టి కిందికి దింపుకుని వచ్చాను. వాచ్‌మన్ టార్చి పట్టుకుంటే, అతని స్టూలు మీద కాగితాలు పరిచి సంతకాలు చేయించాను. స్టూలు మీది నూనె మరక మూడో పేజీకి అంటింది. ఆ పేజీ నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మిగతా ఆఫీసులు మూసేశాక మన పని మొదలవుతుంది. ఇల్లు కొనేవాళ్ళు ఉద్యోగం ముగించుకుని సాయంత్రం వస్తారు, లేదా సెలవురోజున కుటుంబంతో వస్తారు. భవనం వేళలు మన వేళలకు సరిగ్గా తలకిందులు. కాబట్టి మొదటి భవనం యజమానిని అద్దె గురించి కాదు, లిఫ్టు గురించి అడగండి. సెలవురోజున నడుస్తుందా? వేళ దాటాక ఏసీకి గంటకు ఎంత? వీధి తలుపు తాళం ఎవరి దగ్గర ఉంటుంది? 'అబ్బే, మనవాళ్ళే కదా, చూసుకుందాం' అంటే సంతోషించకండి. ఆ మాట ఒప్పందంలో రాయమనండి.

ఇక లెక్క. మీరు పంపిన ప్లాన్లు ముందు పెట్టుకుని కూడికలు వేశాను. మొదటిచోట 1,200 అడుగులకు అద్దె కడితే, బల్లలు వేసుకోవడానికి మీకు మిగిలేది 880. మిగతాది కింది హాలు, వరండా, మెట్లు, లిఫ్టు గుంట, ఇంకా మీ గది మధ్యలో నిలబడ్డ రెండు స్తంభాలు. రెండోచోట 700కు 610 వస్తుంది. మొదటిచోట చెప్పిన అడుగు అద్దెను 100 అనుకోండి. వాడుకునే అడుగుకు అక్కడ మీరు కట్టేది 136, రెండోచోట 126. ఎక్కువ అని మీరు భయపడ్డ చోటే తక్కువ పడుతోంది. ఆఫీసు స్థలం కొలిచే పద్ధతికి అమెరికాలో భవన యజమానుల సంఘం, ఇప్పుడు బోమా అంటారు, 1915లోనే ప్రమాణం రాసింది. నూరేళ్ళు దాటినా ఈ తగాదా తీరలేదు. అందుకే ఏ పద్ధతిలో కొలిచారో ఒప్పందంలో రాయించండి. సంతకం చేసేముందు టేపు పట్టుకుని మీరే ఒకసారి కొలవండి. పక్కవాళ్ళకు స్థలాలు కొలిచిపెట్టే మనం మన గది కొలవడానికి మాత్రం మొహమాటపడతాం!

పెంపు సంగతి కూడా అంతే. ఏటా 5, మూడేళ్ళకోసారి 15 ఒకటే కదా అనిపిస్తుంది. తొమ్మిదేళ్ళూ కూడితే, మొదటి ఏడాది అద్దెకు ఏటా పెంపులో 11.03 రెట్లు కడతారు, మూడేళ్ళ పెంపులో 10.42 రెట్లు. తేడా ఏడు నెలల అద్దె పైచిలుకు.

ఇంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. మీ కమీషన్ నెలనెలా రాదు, అద్దె మాత్రం నెలనెలా పోతుంది. గత రెండేళ్ళ లెక్కల్లో అతి తక్కువ వచ్చిన ఆరు నెలలు ఏరి, వాటి సగటు చూడండి. ఆ సగటు మీద అద్దె, నిర్వహణ ఖర్చు, కరెంటు భరించగలరా? లేకపోతే అద్దాల ముఖద్వారం మిమ్మల్ని నిలబెట్టదు. పదకొండు మంది ఏజెంట్లకు పదకొండు కుర్చీలు వేయాలని ఎవరైనా అంటే, రెండు వారాలపాటు ఎవరు ఎప్పుడు ఆఫీసులో ఉన్నారో ఒక కాగితం మీద రాయండి. నా ఆఫీసులో తొమ్మిది మంది ఉండేవారు. ఒకేసారి నలుగురికి మించి కూర్చున్నది పండగ ముందు రోజు ఒక్కసారే. మీకు బల్లల కంటే ముఖ్యమైనది, తలుపు వేసుకుని డబ్బు గురించి మాట్లాడుకోవడానికి ఒక చిన్న గది.

నగరం మధ్యస్థాయిది అయినప్పుడు ఇంకో చిక్కు ఉంది. పోల్చి చూడటానికి లీజులు తక్కువ. 'ఇక్కడ రేటు ఇంతే' అన్నది ఎవరో ఒకరిద్దరు యజమానుల మాటే అయి ఉంటుంది. పైగా అడిగే అద్దె తగ్గించకుండా, కొన్ని నెలలు ఉచితంగా ఇచ్చి లోపాయికారీగా తగ్గించే అలవాటు ఉంటుంది. అరవై నెలల లీజులో నాలుగు నెలలు ఉచితమైతే అసలు అద్దె దాదాపు 7 శాతం తగ్గినట్టే. పక్క భవనంలో అద్దె విచారించేటప్పుడు ఆ ఉచిత నెలలు కూడా అడగండి.

రెండోదే తీసుకోండి. మోకాళ్ళ నొప్పి ఉన్న కొనుగోలుదారు నేరుగా లోపలికి నడిచి రావచ్చు. అయితే వీధి మలుపులో కనిపించేలా బోర్డు పెట్టుకునే హక్కును, దాని కొలతలు, దీపం సహా రాయించుకోండి. లాకిన్ గడువు, అంటే మధ్యలో ఖాళీ చేసి వెళ్ళకూడని కాలం, రెండేళ్ళకు తగ్గించమనండి. పెద్ద భాగస్వామి అలిగితే, మిగిలిన డబ్బుతో ఆయన గదికే అద్దాలు పెట్టించండి.

ప్రశ్న: నా భవనంలో కొంత భాగం ఒక రియల్ ఎస్టేట్ సంస్థ అడుగుతోంది. ఇలాంటి మరో సంస్థకు భవనంలో చోటివ్వకూడదని షరతు పెడుతున్నారు. మార్కెట్ పడితే ఖాళీ చేసి వెళ్ళిపోతారేమోనన్న భయం కూడా ఉంది.

జవాబు: అయ్యా, ఆ షరతు న్యాయమైనదే కానీ మాటలు చూసుకోండి. 'స్థిరాస్తి సంబంధిత వ్యాపారం' అని రాస్తే రేపు గృహరుణాల ఆఫీసుకో, బిల్డరుకో, ఇంటీరియర్ పనివారికో అద్దెకివ్వలేరు. 'ఇళ్ళ అమ్మకం, అద్దెల మధ్యవర్తిత్వం' అని కుదించండి. వాళ్ళు అద్దె బకాయి పడితే ఆ షరతు రద్దవుతుందని కూడా చేర్చండి. భయానికి మందుగా భాగస్వాముల వ్యక్తిగత హామీ అడగవచ్చు. సకాలంలో కట్టిన ఏడాదికి కొంత చొప్పున ఆ హామీ తగ్గుతూ వచ్చేలా రాస్తే వాళ్ళు తేలికగా ఒప్పుకుంటారు. ఇలా అడిగి ఒప్పించిన యజమానులను నేను చూశాను.

ప్రశ్న: మా ఆఫీసులో ఇద్దరు స్వతంత్ర ఏజెంట్లు నెలకు కొంత ఇచ్చి బల్ల వాడుకుంటున్నారు. అది ఉపఅద్దె కిందికి వస్తుందా?

జవాబు: చాలా ఒప్పందాల భాష ప్రకారం వస్తుంది. స్థలం ఇతరులతో పంచుకోవడం అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే యజమానికి ఇప్పుడే ఒక ఉత్తరం రాసి, అనుమతి కాగితం మీద తీసుకోండి. పనిలో పనిగా, భాగస్వామి మారితే లీజు బదిలీ అయినట్టే అన్న షరతు ఉందేమో కూడా వెతకండి. సాధారణంగా అది చివరి పేజీల్లో, చిన్న అక్షరాల్లో ఉంటుంది.