3200 ల్యాప్‌టాప్‌లో 2666 ర్యామ్ వేయవచ్చా?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 3200 వేగం గల 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒకటే ఉంది, రెండో స్లాట్ ఖాళీ. మా అన్నయ్య పాడైన ల్యాప్‌టాప్‌లోంచి తీసిన 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఇంట్లో ఉంది కానీ, దాని వేగం 2666. తక్కువ వేగం ర్యామ్ వేస్తే మదర్‌బోర్డు పోతుందని రిపేరు షాపులో అన్నారు. నిజమేనా? నా పనల్లా ట్యాలీ, బ్రౌజర్‌లో బోలెడన్ని ట్యాబులు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిజం కాదండీ, నిశ్చింతగా వేసుకోండి. ప్రతి ర్యామ్ మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. ఆ ర్యామ్ ఏయే వేగాల్లో పనిచేయగలదో అందులో నమోదై ఉంటుంది. పవర్ బటన్ నొక్కగానే, విండోస్ మొదలయ్యేలోపే, బయోస్ (ల్యాప్‌టాప్‌ను మొదలుపెట్టే మూల ప్రోగ్రాం) రెండు ర్యామ్‌ల వివరాలూ చదివి రెండింటికీ సరిపడే వేగాన్ని ఖాయం చేస్తుంది. కాబట్టి మీ 3200 ర్యామ్ కూడా ఇక 2666 దగ్గరే నడుస్తుంది. రెండింటికీ కావలసింది 1.2 వోల్టులే కనుక ఏ భాగం మీదా అదనపు భారం పడదు.

ప్రమాదమల్లా తరం మారితేనే. డీడీఆర్3కి 204, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262 పిన్నులుంటాయి, మధ్యలోని గాడి కూడా ఒకేచోట ఉండదు. బలవంతంగా దూర్చితే స్లాట్ విరుగుతుంది. లేబుల్ మీద పీసీ4 (డీడీఆర్4కు గుర్తు) అని ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

ఇక వేగం సంగతి. ఒక్క 3200 ర్యామ్ సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ డేటాను అందించగలదు, 2666 అయితే 21.3 జీబీ. అయితే మీరు ఇప్పుడు వాడుతున్నది ఒకే చానల్, అంటే ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా నడిచే ఒకే దారి. రెండో ర్యామ్ చేరితే సాధారణంగా రెండు చానళ్లూ కలిసి పనిచేస్తాయి, అప్పుడు మొత్తం 42.6 జీబీ అవుతుంది. అంటే నెమ్మది ర్యామ్ వేసినందువల్ల మీ ల్యాప్‌టాప్‌కు అందే మొత్తం వేగం తగ్గకపోగా పెరుగుతుంది! అడిగిన డేటా మొదలవడానికి పట్టే సమయంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు: మామూలు 3200 రకానికి 13.75 నానోసెకన్లు, 2666 రకానికి 14.25. పైగా 8 జీబీ నిండిపోయినప్పుడు విండోస్ కొంత డేటాను ర్యామ్ కన్నా ఎంతో నెమ్మదైన ఎస్‌ఎస్‌డీకి (ఫైళ్లు దాచే డిస్కుకు) తరలిస్తుంది, ల్యాప్‌టాప్ నిజంగా మొరాయించేది అప్పుడే. మీ పనికి 16 జీబీ ఉండడమే ముఖ్యమని నా అభిప్రాయం.

విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో ఆటలు ఆడేవారికి మాత్రం ర్యామ్ వేగం బాగానే తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ గ్రాఫిక్స్ కూడా ఇదే ర్యామ్‌ను వాడుకుంటుంది. కొత్తగా కొనేవారు కూడా 3200 రకమే కొనాలి.

బిగించేముందు ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, చార్జర్ తీసి, వీలైతే బ్యాటరీ కనెక్టరును కూడా విడదీయండి. ర్యామ్‌ను ఏటవాలుగా పెట్టి, బంగారు రంగు పిన్నులు లోపలికి పూర్తిగా వెళ్లేదాకా తోసి, కిందికి నొక్కితే పక్కనున్న క్లిప్పులు టక్కున పట్టుకుంటాయి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కాసేపు నల్లగానే ఉండవచ్చు, కంగారుపడి ఆపేయకండి. ఎంతకీ రాకపోతే కొత్తగా పెట్టినదాన్ని తీసేయండి, పాత ర్యామ్‌తో ఎప్పటిలాగే నడుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో వేగం 2667 అని (2666నే అలా చూపిస్తుంది) కనిపిస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే. ఈ ర్యామ్ పాడైన ల్యాప్‌టాప్‌లోది కాబట్టి, ట్యాలీ లెక్కలు తెరవకముందే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ పరీక్ష ఒకసారి పూర్తిగా నడపండి.